కుక్క నాకిన చక్రం

పోలీసు స్టేషన్ వెనక రేకుల షెడ్డులో పడేసి ఉన్న మోటార్‌సైకిల్ ముందు చక్రాన్ని కుక్క నాకుతోంది. కెప్టెన్ జిపార్ వంగి రాయి తీసుకుని విసిరినట్టు చెయ్యి ఆడించింది. కుక్క రెండడుగులు వెనక్కి వేసి, ఆమె లోపలికి పోయేదాకా మర్యాదగా నిలబడి, మళ్ళీ వచ్చి తన పని తను చూసుకుంది. పోయినవాడి నెత్తురు కాబోలనుకుంది జిపార్. షెడ్డుకి తలుపు పెట్టించాలనుకుంది. మెట్లెక్కేలోపు మర్చిపోయింది. ఈ కేసు చేతికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె బుర్ర అలాగే ఉంది, అందులో ఏదీ నిలవడం లేదు.

నిజానికి ఇంతగా చిక్కుపడాల్సిన కేసు కాదు. తొరోగుల్ అనే కుర్రాడు సారీ-బేల్ కనుమ దిగుతూ రెండో మలుపులో బండితో సహా లోయలో పడ్డాడు. నడక రాకముందే ఆ కొండల్లో గుర్రమెక్కినవాడు, ఆ దారి కళ్ళు మూసుకుని పోగలిగినవాడు. రోడ్డు పొడిగా ఉంది. వాడు తాగి లేడు. వెనకే వస్తున్న లారీ డ్రైవరు చెప్పింది ఒక్కటే. మలుపుకి చాలా ముందు నుంచీ బండి వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉందట. అంటే తొరోగుల్ బ్రేకు నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. బండి మాత్రం ఆగలేదు.

ఆ బ్రేకులు అంతకు ముందురోజే విప్పి శుభ్రం చేసింది కాలిస్, తొరోగుల్ చిన్ననాటి నేస్తం. ఊళ్ళో పాల వ్యాను నడుపుతాడు. ఇప్పుడు జిపార్ బల్లకి అవతల, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం నరీన్ పట్నం నుంచి ఖైదీల వ్యాను వస్తుంది. ఆలోపు ఆమె ఇంకేదైనా తేల్చకపోతే వాడు హంతకుడిగా అందులో ఎక్కుతాడు. అలా ఎక్కినవాడు దిగి ఇంటికి రావడం ఆమె తన ఉద్యోగంలో ఇంతవరకూ చూడలేదు.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పు," అంది జిపార్.

"ఎన్నిసార్లు చెప్పినా అదే కదక్కా."

"అదే చెప్పు. వాడు బండి ఎందుకు తెచ్చాడు నీ దగ్గరికి?"

"బ్రేకు పట్టుకుని వదలట్లేదని. చక్రం ఎత్తి చేత్తో తిప్పితే ఒక చుట్టు కూడా తిరిగేది కాదు, ఈడ్చుకుంటూ ఆగిపోయేది. లివరేమో నొక్కితే మెత్తగా, జావలోకి దిగినట్టు దిగేది. వేసవంతా మంద వెనకాల బురదలో తిప్పాడు గదా."

అక్కణ్ణుంచి వాడు చెప్పినదంతా జిపార్‌కి ఇప్పటికే కంఠతా వచ్చేసింది. ముందు చక్రానికి గిన్నెమూతంత ఇనుప రేకు ఉంటుంది, దాన్ని డిస్కు అంటారు. దాన్ని రెండు పక్కల నుంచీ పట్టుకునే పిడికిలి క్యాలిపర్. రెండు బోల్టులు విప్పి ఆ పిడికిలిని ఊడదీశాడు. డిస్కుని ఒరిసి ఆపే ప్యాడ్లు అరిగిపోతే తీసి అవతల పెట్టాడు. మధ్యలో చెక్క ముక్క అడ్డుపెట్టి లివరు మెల్లగా నొక్కుతూ లోపలి పిస్టన్‌ని బయటికి రప్పించాడు. దాని చుట్టూ గట్టిగా పేరుకున్న మట్టినీ తుప్పునీ పాత పళ్ళ బ్రష్షుతో, సబ్బు నీళ్ళతో కడిగాడు. రబ్బరుకి పెట్రోలు తగలనివ్వలేదు. పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బి పిస్టన్ మళ్ళీ బిగుసుకుంటుందని ఫోనులో చూపించినాయన రెండుసార్లు హెచ్చరించాడు. పిడికిలి అటూ ఇటూ కదిలే పిన్నులు తుడిచి కాస్త గ్రీజు పెట్టాడు. కొత్త ప్యాడ్లు వేశాడు. పాత బ్రేకు నూనె తీసేసి కొత్తది పోసి, సన్నటి గొట్టంలోంచి బుడగలన్నీ పోయేదాకా లివరు నొక్కి వదిలి, నొక్కి వదిలి, చివరికి అది రాయిలా గట్టిపడ్డాక మూత బిగించాడు. ఆఖరున డిస్కుని స్పిరిట్ గుడ్డతో అద్దంలా తుడిచాడు.

"నడిపి చూశావా?"

"వీధి చివరిదాకా. బానే పట్టింది. కాకపోతే కొత్త ప్యాడ్లు కదా, అరిగి కుదురుకునేదాకా మొదట్లో కాస్త జారుతుంది, కంగారు పడకు అని చెప్పాను." కాలిస్ తల వంచుకున్నాడు. "ఆ మాటొకటి నేను చెప్పకుండా ఉండాల్సిందక్కా. చెప్పకపోతే బ్రేకు పట్టట్లేదని తెలిసిన వెంటనే ఆగి చూసుకునేవాడు. జారడం మామూలే అనుకుని పోయాడు."

"అది తప్పు మాటేం కాదుగా. కొత్తవి జారతాయిగా."

"ఏమో. నేను మెకానిక్‌ని కాదు. ఫోనులో చూసి చేశాను. ఎక్కడో ఏదో తప్పు చేసే ఉంటాను. లేకపోతే అదెందుకు ఆగదు?" కాలిస్ తలెత్తి ఆమెనే అడిగాడు. "నేనే చంపానేమో అక్కా. ఆ ఒప్పుకోలు కాయితం ఇవ్వు, సంతకం పెట్టేస్తాను. ఊల్కాన్ పిన్ని ముందు నిలబడలేక చస్తున్నాను."

ఊల్కాన్ తొరోగుల్ తల్లి. కాలిస్ తల్లి పోయాక వాడికి సగం తిండి పెట్టింది ఆవిడే. జిపార్ కాగితాన్ని దూరంగా జరిపింది. చెయ్యని హత్యకి సంతకం పెడతానని ముద్దాయే తొందరపడుతుంటే పోలీసు వద్దనడం ఆమెకే వింతగా తోచింది. అసలు వీడు చెయ్యలేదని తనకెలా తెలుసు? తెలీదు. వీడు చేశాడంటే మనసు ఒప్పుకోవడం లేదు, అంతే. మనసు ఒప్పుకోకపోవడం కోర్టులో చెల్లదు.

అప్పుడే తలుపు తోసుకుని ఎస్తెబెస్ వచ్చాడు. ప్రాసిక్యూటర్ ఆఫీసు పంపిన దర్యాప్తు అధికారి. ఇస్త్రీ నలగని కోటు, ఎప్పుడూ అవతలివాడి మాట అయిపోయిందన్నట్టు చూసే చూపు. అతను జిపార్ కుర్చీ చేతి మీద ఆనుకుని నిలబడ్డాడు.

"సంతకం పెడతానంటున్నాడుగా కెప్టెన్ గారూ, పెన్ను లేదా? నాది ఇవ్వనా?"

"మీ పెన్ను మీరే ఉంచుకోండి. నేనింకా అడుగుతున్నాను."

"అడగండి, అడగండి. గుర్రం సంగతి అడిగారా?"

అడిగింది. ఊరంతా ఎరిగిన సంగతే అది. వసంతంలో మేకపోతు కోసం గుర్రాల మీద లాక్కునే ఆటకి తొరోగుల్ కాలిస్ గుర్రాన్ని అడిగి పట్టుకెళ్ళాడు. కుంటిదాన్ని తిరిగి తెచ్చాడు. కాలిస్ ఆరోజు మైదానంలో అందరి ముందూ అరిచాడు, నీ కాలు కూడా విరిగితే అప్పుడు తెలుస్తుంది నీకు అని. తర్వాత ఇద్దరూ కలిసిపోయారని కాలిస్ అంటాడు. కలిసిపోయినట్టు నటించాడని ఎస్తెబెస్ అంటాడు.

"వీడు ఆరోజే తొరోగుల్ తమ్ముడు బోలోత్ బండి బ్రేకులు కూడా శుభ్రం చేశాడు," అంది జిపార్. "అదే ప్యాడ్లు, అదే నూనె, అదే గ్రీజు. మొన్న నేనే స్వయంగా తోలి చూశాను, ఇనప పట్టులా పట్టింది. బాగుంది, వాడుకోమని వాళ్ళకి చెప్పొచ్చాను కూడా. పని రానివాడైతే రెండూ చెడగొట్టాలిగా."

"పని వచ్చినవాడు కాబట్టే ఒకటి బాగుచేసి ఒకటి చెడగొట్టాడు. గుర్రం కుంటిదైంది తొరోగుల్ చేతిలో. బోలోత్ చేతిలో కాదు."

జిపార్ కాలిస్‌ని కాపాడ్డానికి దాచుకున్న ఒకే ఒక్క మాట తిరిగొచ్చి వాడి మెడకే చుట్టుకుంది.

ఎస్తెబెస్ కోటు జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. లోపల రెండు బ్రేక్ ప్యాడ్లు. పొద్దున్నే గ్యారేజీ మనిషిని పిలిపించి బండిలోంచి ఊడదీయించానని తీరిగ్గా చెప్పాడు. జిపార్‌కి మండిపోయింది. తన షెడ్డులో ఉన్న సాక్ష్యాన్ని తనకి చెప్పకుండా విప్పించడమేమిటని అడిగింది. మీరు నిద్ర లేచేదాకా ఆగితే సాయంత్రమవుతుందని అతనన్నాడు. ఆమె రాత్రంతా ఇదే గదిలో కూర్చుందన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

"చూడండి. కొత్త ప్యాడ్లు బొగ్గులా గరుకుగా ఉండాలి. ఇవి నున్నగా జిడ్డోడుతున్నాయి. గ్రీజు. పట్టే చోట గ్రీజు రాస్తే ఇంకేం పడుతుంది?"

కాలిస్ ఆ సంచీ వైపు చూసి తెల్లబోయాడు. "నేను ప్యాడ్లకి రాయలేదు. అంత తెలివితక్కువ పని ఎవడు చేస్తాడు?"

"తెలివైనవాడు," అన్నాడు ఎస్తెబెస్.

కాలిస్‌ని అవతల గదిలోకి పంపాక కూడా జిపార్ ఆ సంచీనే చూస్తూ కూర్చుంది. తెల్లగా మైనం పెచ్చులా ఉన్న జిడ్డు చూస్తూ చూస్తూ ఉండగానే నీరులా కరిగి సంచీ మూలకి జారింది. బల్ల పక్కనే పొయ్యి మండుతోంది. ఆ పొయ్యి మీద మధ్యాహ్నం ఎవరో మాంసం వండుకున్నట్టున్నారు, గది నిండా అదే వాసన. ఆమెకి ఆకలి వేసింది, ఆకలేసినందుకు సిగ్గేసింది.

కాలిస్ ఇంట్లో దొరికిన గ్రీజు డబ్బా స్వాధీనం చేసుకున్న సామాన్లలో ఉంది. తీసి మూత విప్పింది. నీలంగా, చిక్కగా ఉంది. దాన్నీ పొయ్యి పక్కన పెట్టింది. చాలాసేపు చూసింది. అది కరగలేదు, కదల్లేదు, నీలంగానే ఉండిపోయింది.

ఇదెక్కడి గ్రీజు, పొయ్యి వెచ్చకే నీరైపోవడానికి? వాసన కూడా... ఆమె బయటికొచ్చి కానిస్టేబుల్‌ని ఇవాళ ఏం వండారని అడిగింది. ఏమీ వండలేదు కెప్టెన్, టీ రొట్టెలతో సరిపెట్టుకున్నాం అన్నాడు వాడు, ఆమె తిడుతుందేమోనని నొచ్చుకుంటూ.

జిపార్ షెడ్డు వైపు దాదాపు పరుగెత్తింది.

కుక్క అక్కడే ఉంది. ఈసారి ఆమె దాన్ని తరమలేదు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అది ఎక్కడ నాకుతుందో చూసింది. ముందు చక్రం మీద నెత్తురు లేదు. ఎలా ఉంటుంది? తొరోగుల్ బండికి చాలా దూరంలో, రాళ్ళ మధ్య దొరికాడు. నెత్తురనుకున్నది తన ఊహ. డిస్కు నడిమధ్య, కుక్క నాలుక అందని బోల్టుల సందుల్లో, తెల్లటి పెచ్చు చలికి గడ్డకట్టి ఉంది. పైన మడ్‌గార్డు మీద దుమ్ములో మూడు వేళ్ళు పక్కపక్కనే లాగిన చారలున్నాయి. పొడుగ్గా, తీరిగ్గా, ఒకే ఊపులో లాగినవి. చేతులు జిడ్డయి తుడుచుకున్నవాడి గీతల్లా లేవు.

గోటితో కాస్త గీకి వేళ్ళ మధ్య నలిపింది. వెంటనే కరిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అనుమానం లేదు. గొర్రె తోక కొవ్వు, ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఉండేదే.

అది తెలిశాక విషయం తేలాల్సింది పోయి మరింత ముడిపడింది. మనిషిని చంపాలనుకున్నవాడు వంటింట్లోంచి కొవ్వు తెస్తాడా? పొరపాటున పడేదైతే మూడు వేళ్ళ చారలెందుకు? ఆమె లోపలికెళ్ళి కాలిస్‌ని అడిగింది, పిన్నులకి గ్రీజు చాలక కొవ్వేమైనా రాశావా అని. వాడు ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఎస్తెబెస్ మాత్రం నవ్వాడు.

"కొవ్వైతే ఏంటి, గ్రీజైతే ఏంటి? రాసినవాడు రాశాడు, చచ్చినవాడు చచ్చాడు. కొవ్వు కాబట్టి కేసు కొట్టెయ్యమంటారా?"

"బండి కాలిస్ దగ్గర్నుంచి వెళ్ళాక ఒక రాత్రి ఊల్కాన్ వాకిట్లో ఉంది. ఆ రాత్రి ఎవరెవరొచ్చారో మనం అడగలేదు."

"అడుగుదాం పదండి. నాకూ ఆవిడ సంతకం కావాలి. కొడుకు చావుకి కాలిసే కారణమని ఆవిడ ఫిర్యాదు పెడితే వ్యాను వచ్చేసరికి పని పూర్తవుతుంది." అతను తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ బయటికి నడిచాడు. స్టేషన్ జీపు వారం నుంచీ మూలిగి మూలిగి ఆగిపోతోంది కనుక జిపార్ అతని బండే ఎక్కాల్సొచ్చింది. దారంతా అతను హీటరు కట్టేసి ఉంచాడు.

ఊల్కాన్ వాకిట్లో చావు కోసం వేసిన తెల్ల డేరా ఇంకా తియ్యలేదు. ఆవిడ కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని కళాయిలో రొట్టె ముక్కలు వేయిస్తోంది. ఏడో రోజు దగ్గర పడింది. పోయినవాళ్ళకి వేయించిన వాసన అందాలి. చిన్నగా ఎండిపోయిన మనిషి, నల్ల గుడ్డ తలకి బిగించి కట్టింది. వచ్చినవాళ్ళని కూర్చోమని, అడగకుండానే గిన్నెల్లో టీ పోసింది. రొట్టె ముక్కలు వాళ్ళ ముందు పెట్టింది. మొహాన ఏ భావమూ లేదు.

ఎస్తెబెస్ ఆవిడతో మాట్లాడినప్పుడు గొంతు మార్చాడు. చాలా మెత్తగా, కొడుకులా మాట్లాడాడు. ఫిర్యాదు కాగితం ఆవిడ మోకాలి దగ్గర పెట్టాడు. ఆవిడ దాని వైపు చూడలేదు.

"వాడు నా చేతి రొట్టె తిన్నవాడు," అంది చివరికి. "వాణ్ణి తీసుకుపోండి. నా కళ్ళకి కనపడనివ్వకండి. ఎందుకు చేశాడో మాత్రం ఒక్కసారి అడిగి చెప్పండి నాకు. గుర్రం కోసమా? గుర్రం కావాలంటే నాదే ఇచ్చేదాన్నిగా."

ఎస్తెబెస్ పెన్ను మూత తీశాడు. జిపార్ కంగారుగా ముందుకి జరిగింది.

"పిన్నీ, ఒక్క మాట. కాలిస్ బండి తెచ్చిచ్చాక ఆ రాత్రి ఇంటికెవరైనా వచ్చారా? చుట్టాలు, పొరుగువాళ్ళు?"

"ఎవరూ రాలేదు."

"పొద్దున తొరోగుల్ బయలుదేరేటప్పుడు?"

"నేనూ, పిల్లలిద్దరూ. ఇంకెవరు?"

"బండి ఎవరైనా ముట్టుకున్నారా?"

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. అబద్ధం చెప్పేవాళ్ళు అంతసేపు ఆలోచించరు. "ఎవరూ ముట్టుకోలేదమ్మా. వాకిట్లోనే ఉంది. ముట్టుకోవడం ఎందుకు, చూస్తేనే కళ్ళు చెదిరేట్టుంది. ఆ చక్రంలో రేకు ఉంటుందే, దాన్ని కాలిస్ అద్దంలా తోమి పెట్టాడు. ఎండ పడితే వీధి చివరికి కనిపించేది. దారినపోయే వాళ్ళంతా ఆగి చూశారు, కొత్తది కొన్నారా ఊల్కాన్ అని. అప్పుడే నా గుండె గుబేలుమంది. ఇంత మంది కళ్ళు పడ్డాయి, ఏం దిష్టి తగులుతుందో అని."

జిపార్ చేతిలో టీ గిన్నె ఆగిపోయింది. ఆవిడ కుడిపక్కన, పొయ్యికి దూరంగా, ఒక చెక్క గిన్నె ఉంది. గిన్నెలో తెల్లగా, పాలమీగడలా, సగం గీకిన తోక కొవ్వు ఉంది. గీకిన చోట మూడు వేళ్ళ చారలున్నాయి.

జిపార్ చిన్నప్పుడు, వసంతంలో మొదటిసారి గుర్రప్పిల్లల్ని కట్టేసే రోజున, వాళ్ళమ్మ తన చేతికి వెన్న ఇచ్చి వాటి మెడల మీద, కట్టుతాడు మీద రాయించేది. చల్లగా పెరగాలని, చెడ్డ కన్ను తగలకూడదని. జిపార్ ఎలాంటి ఊళ్ళో పుట్టిందో ఊల్కాన్ కూడా అలాంటి ఊళ్ళోనే పుట్టింది. ఇంతసేపూ చంపాలనుకున్న చెయ్యి కోసమే వెతికింది తను. అడిగే ధైర్యం చాల్లేదు. అడగకుండా ఉండడమూ చాతకాలేదు.

"దిష్టికి ఏం చేశావు పిన్నీ?"

"ఏం చేస్తాం? అందరూ చేసేదే. బయలుదేరే ముందు కాస్త కొవ్వు రాశాను. బండి ముక్కు మీదా, ఆ మెరిసే రేకు మీదా. ఇప్పుడు గుర్రాలు లేవుగా, వాళ్ళకి అవే గుర్రాలు." ఆవిడ మొదటిసారి తలెత్తింది. మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. "తప్పు నాదీ ఉందమ్మా. ఎవరికీ చెప్పలేదు ఇది. ఆరోజు ఉన్న కాస్త కొవ్వూ వంటకి మిగుల్చుకుందామని చెయ్యి బిగబట్టాను. పైపైన రాశాను. అందుకే దిష్టి ఆగలేదు. ఇవాళ మాత్రం అలా చెయ్యలేదు. బోలోత్ బయలుదేరుతుంటే ఆ రేకు మెరుపన్నది కనపడకుండా రెండు వైపులా దిట్టంగా పట్టించాను."

వాకిట్లో కళాయి చిటపటలాడుతోంది. ఎస్తెబెస్ పెన్ను కాగితం మీద ఆనించినవాడు ఆనించినట్టే ఉండిపోయాడు. అతను ప్యాడ్ల గురించి పొద్దున్నే అంత చక్కగా వివరించినవాడు. అతనికి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"బోలోత్ ఎక్కడికి వెళ్ళాడు?" అని జిపార్ అడిగింది.

"కనుమ అవతల మా అక్క ఇంటికి. ఏడో రోజుకి పిలవాలిగా. నేను వద్దన్నాను తల్లీ, ఆ బండి కూడా వాడు విప్పిందే కదా అని. మా కెప్టెనక్క స్వయంగా చూసి బాగుందంది అమ్మా అని వాడే అన్నాడు. నువ్వు చెప్పావనే పంపాను."

జిపార్ కళ్ళు కొండ దారి వైపు పోయాయి. ఇంటి నుంచి కనుమ పైదాకా అంతా ఎక్కుడే. ఎక్కేవాడికి బ్రేకుతో పనిలేదు. అవతలి దిగుడు మొదలయ్యాకే బోలోత్ లివరు నొక్కుతాడు. జారుతుంది. కొత్త ప్యాడ్లు మొదట జారతాయని కాలిస్ వాడికీ చెప్పాడు. వాడూ కంగారు పడడు. వెనక బ్రేకు ఒక్కటే ఆ వాలులో బండిని ఆపడానికి చాలదు. రెండో మలుపు అన్నకి ఎక్కడుందో తమ్ముడికీ అక్కడే ఉంటుంది.

ఎస్తెబెస్ అప్పటికే లేచాడు. ఫిర్యాదు కాగితాన్ని మడిచి, చూసుకోకుండానే, టీ గిన్నె కింద పెట్టేశాడు. "ఎంతసేపయింది వాడు వెళ్ళి?"

"మీరు రావడానికి కాస్త ముందు. ఏమైంది నాయనా?"

జిపార్ నడుస్తూనే ఫోను తీసి బోలోత్‌కి చేసింది. కొండల్లోకి పోయినవాడి ఫోను ఎలా పలుకుతుంది? కనుమ నెత్తిన చలికాలం దారి మూసే గేటు ఉంది, దానికో కాపలావాడు ఉన్నాడు. అక్కడి ఫోను మోగింది. మోగి మోగి, ఇక ఎత్తడనుకున్నప్పుడు ఎత్తాడు.

"తొరోగుల్ తమ్ముడు బండి మీద వస్తాడు," అంది జిపార్. "ఆపెయ్. కదలనివ్వకు."

"ఎవరు, బోలోతా? ఇప్పుడే దాటాడే. టీ తాగి పొమ్మంటే వచ్చేటప్పుడు తాగుతానని చెయ్యూపి పోయాడు."

"నీ దగ్గర బండి ఉందా?"

"బండెక్కడిదక్కా, గుర్రం ఉంది."

"ఎక్కు. రోడ్డు మీద పోకు, అడ్డంగా దిగు. రెండో మలుపు దగ్గర వాడికన్నా ముందుండాలి. ఎదురుగా కాదు, కొండ పక్క నిలబడి బండిని గట్టుకేసి గుద్దెయ్యమని కేక పెట్టు. బ్రేకు లేదు వాడికి."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు కూడా రాలేదు, ఎక్కడో కింద పడిన చప్పుడొచ్చింది. అది మంచిదే అనుకుంది జిపార్. ఎస్తెబెస్ ఇంజిను రేపుతున్నాడు. ఆమె తలుపు తీసి కాలు లోపల పెట్టబోతుంటే వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

ఊల్కాన్ ఆయాసపడుతూ వస్తోంది. ఒక చేతిలో చెక్క గిన్నె. రెండో చేతి మూడు వేళ్ళకీ కొవ్వు నిండా పట్టి ఉంది.

"ఆగండి, ఆగండి. కనుమ ఎక్కుతున్నారా? ఏమైందో చెప్పరు, పోనీ, చక్రానికి కాస్త రాయనివ్వండి. అందరూ బాగుండాలి." ఆవిడ వంగి ముందు చక్రం వైపు చెయ్యి చాపింది.

ఎస్తెబెస్ అద్దంలోంచి జిపార్ వైపు చూశాడు. ఆ చూపులో ఈసారి ఎకసెక్కం లేదు. ఇప్పుడు ఆ చెయ్యి పట్టుకుని ఆపితే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే ఈ ముసలితల్లి ఈ వాకిట్లో, ఇంకో కొడుకు బతికున్నాడో లేదో తెలియకుండానే, ఒంటరిగా ఆ మాట మోయాలి.

జిపార్ ఆ మణికట్టుని మెల్లగా పట్టుకుంది. వేళ్ళు వెచ్చగా, జిడ్డుగా ఉన్నాయి.

"చక్రానికొద్దు పిన్నీ. పోయేది నేను కదా. నాకు రాయి."

ఊల్కాన్ ఆశ్చర్యపోయింది. పెద్దవాళ్ళ నుదుట ఎవరు రాస్తారు? అయినా ఏదో అర్థమైనట్టు ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసి, అర్థమైనదాన్ని అంతలోనే పక్కకి నెట్టేసి, మూడు వేళ్ళూ ఆమె నుదుటి మీద ఈ చివర నుంచి ఆ చివరికి లాగింది.

"బోలోత్‌ని వెంటబెట్టుకు రా," అంది. ఇంకేమీ అడగలేదు.

బండి వాకిలి దాటి కొండ దారి పట్టింది. ఎస్తెబెస్ గేరు మార్చి, దారి మీదే చూపు పెట్టి, కాలిస్‌ని వదిలెయ్యమని స్టేషన్‌కి నువ్వు చెబుతావా నేను చెప్పనా అన్నాడు. ఎప్పుడు మీరు నుంచి నువ్వుకి దిగాడో ఇద్దరూ గమనించలేదు. తర్వాత అతనే మళ్ళీ అన్నాడు, ఆవిడకి మాత్రం ఎవరు చెబుతారు అని. కిటికీలోంచి కొట్టే చలిగాలికి జిపార్ నుదుటి మీద కొవ్వు గడ్డకట్టి చర్మాన్ని బిగించింది. కనుమ దాటి, దిగుడు మొదలై, కింద రెండో మలుపు దగ్గర గట్టుకి అవతల, కొండ వైపో లోయ వైపో ఇంకా తెలియకుండా, పైకి లేస్తున్న దుమ్ము కనపడేదాకా ఆమె దాన్ని తుడుచుకోలేదు.